నెట్లో నా బుగ్గలు

నాకు గవదబిళ్ళలు వచ్చి రెండు బుగ్గలూ బూరెల్లా ఉబ్బినప్పుడు మా అయ్య చేసిన మొదటి పని ఆస్పత్రికి తీసుకెళ్లడం కాదు, కొత్త కెమెరా ఫోనుతో నా ఫొటో తీయడం. అయ్య పేరు ఫల్గుణ. అనంతగిరిలో టూరిస్టులను జీపులో తిప్పేవాడు. వాళ్లలో నవీన్ అనే వైజాగు కుర్రాడు ఆయనకు ఆర్కుట్‌లో, అప్పట్లో అందరూ ఫొటోలు పెట్టుకునే సైట్‌లో, ఖాతా తెరిచిపెట్టాడు. ఇంకేముంది! బుగ్గల మీద పసరు, కారే ముక్కు, ఏడుపు మొహం, అన్నీ నెట్లోకి ఎక్కేశాయి.

అప్పుడు నేను ఆరో తరగతి. వాపు తగ్గి బడికెళ్తే ఉత్త సోనిని కాస్తా 'బుగ్గల సోని'ని అయ్యాను. అయ్య జీపెక్కిన టూరిస్టులు కూడా "ఆర్కుట్ పాప నువ్వేనా?" అంటూ బుగ్గలు గిల్లేవారు. ఒళ్లు మండిపోయేది. నలుగురిలో నవ్వడం మానేశాను. నిద్రలో అయ్య ఫొటో తీస్తాడేమోనని, ఉక్కపోసినా దుప్పటి ముసుగు తీసేదాన్ని కాదు.

"ఆ బొమ్మ తీసెయ్యయ్యా," అని కాళ్లావేళ్లా పడ్డాను.

"ఏటే గుంటా, అందరూ ముద్దుగున్నాదని రాత్తంటే ఏడుత్తావేటి?" అని నవ్వేసేవాడు.

చైత్రంలో మా కొండ ఊళ్ల వేట పండగ, ఇటుకల పండుగ వచ్చింది. ఆ పండక్కి మగవాళ్లు అడవికి వేటకెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు గెడ కట్టి, వచ్చేపోయే బళ్లను ఆపి, పాటలు పాడి పండగ మామూలు అడుగుతారు. ఏటా అందరికన్నా ముందు నిలబడేది నేనే. ఆ ఏడు మాత్రం రానని మొండికేశాను. కార్లనిండా టూరిస్టులే కదా, ఎవరు గుర్తుపడతారోనని దడ. అమ్మ వింటేగా! "పండగనాడు ఇంట్లో దాక్కుంటావేటి? బేగి రా," అని రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

భయపడినంతా అయింది. గెడ దగ్గర ఆగిన కారు నవీన్‌దే. "ఓహో, బుగ్గల పాప!" అంటూ తన ఫోన్లో దాచుకున్న నా బొమ్మ తీసి, కార్లో ఉన్న స్నేహితులకు చూపించాడు. వాళ్లు పగలబడి నవ్వారు. నేను అమ్మ వెనక్కి దూరిపోయాను.

ఇంతలో మగవాళ్లు అడవి దిగి వచ్చారు. వేటకెళ్లి వట్టి చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించడం మా ఆచారం. మా అయ్య చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. ఎదురొచ్చిన కుందేలును కొట్టకుండా ఫొటో తీస్తూ నిలబడ్డాడట, మహానుభావుడు! మొదటి బిందె అమ్మే పోసింది.

నవీన్ ఫోను పైకెత్తాడు. "ఫల్గుణన్నా, ఇటు చూడు! ఈరోజే ఆర్కుట్లో పెడతా!"

అయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "బాబ్బాబు, వొద్దు! ఊరూవాడా సూత్తారు, నా పరువేటవుద్ది!"

"మరి నాకు నేదా పరువు?" అని అరిచాను.

అయ్య చేతులు దించి నన్ను చూశాడు. తర్వాత నవీన్ దగ్గరికి వెళ్లి, "నా గుంట బొమ్మ నీ ఫోన్లోంచి తీసెయ్యి బాబూ," అన్నాడు.

నవీన్ తీసేశాడు. "కానీ అన్నా, మా ఫ్రెండ్స్‌కి ఎప్పుడో బ్లూటూత్‌లో పంపేశాను. వాళ్లు ఇంకెవరికి పంపారో తెలీదు," అని నసిగాడు.

అయ్య రోడ్డు పక్కనే కూలబడ్డాడు. "మరెలాగ?" అని అందరినీ అడిగాడు. నాకు ఏడుపొచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు.

"నెట్లోదైనా ఇప్పుడే తీసెయ్యి," అన్నాను.

"నీళ్లోసుకుని వత్తానే అమ్మా."

"అక్కర్నేదు. ఇలాగే పద."

జీపులో అరకు వెళ్లి నెట్ సెంటర్లో అడుగుపెడితే, అందరూ ముక్కులు మూసుకుని మా అయ్యను వింతగా చూశారు. ఒకడు ఫోను కూడా పైకెత్తాడు. ఈసారి అయ్య తన మొహం దాచుకోలేదు. గబుక్కున నా మొహానికి చెయ్యి అడ్డం పెట్టి, "నన్నయితే తీసుకో బాబూ, నా గుంటనొద్దు," అన్నాడు.