అల్లుడుగారి పొగపెట్టె

పొద్దున్నే లేచి అలివేలుమంగ ముందు పొగపెట్టె శుభ్రం చేసేది. కాఫీ, స్నానం, దేవుడు అన్నీ ఆ తరవాతే. వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, పెట్టె మూత తీసి, పళ్ళ బ్రష్షుతో అడుగునున్న ఇత్తడి జల్లెడ దులిపి, కొబ్బరినూనె చుక్క వేలికి రాసుకుని చెక్కంతా తుడిచేది. శాంత చేస్తే మూలల్లో మడ్డి ఉండిపోతుందని కూతుర్ని దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

పొగపెట్టె అన్న పేరు ఆవిడ పెట్టిందే. అల్లుడు కమలాకర్ దాన్ని వేపరైజర్ అనేవాడు. అక్రోటు చెక్కని ఎవరో చేత్తో తొలిచి చేశారు. పిడికిట్లో ఇమిడిపోతుంది. ఎక్కడ తడిమినా అంచు గుచ్చుకోదు, చెక్కలో చారలు ఏటి ఒడ్డున ఇసక మెరకల్లా ఉంటాయి. నలిపిన గంజాయి మొగ్గ గుంటలో వేసి బ్యాటరీ నొక్కితే ఆకు కాలదు, ఊరికే వేడెక్కుతుంది. గాజు గొట్టంలోంచి పీలిస్తే ఆవిరి వస్తుంది. కమలాకర్ కడుపులో గడ్డకి డాక్టరు రాసిచ్చిన మందు అది. శాంత మాస్కు పెట్టుకుని, అపొతెకే అనే మందుల షాపు ముందు మనిషికీ మనిషికీ బారెడు దూరం వదిలిన వరసలో నిలబడి తెచ్చేది.

"గంజాయి," అంది అలివేలుమంగ మొదటిసారి ఆ డబ్బా చూసి. "మా ఏజెన్సీలో దీనికోసం పోలీసోళ్ళు లారీలు ఆపి టైర్లు కోసి సూస్తారు. ఈ దేశంలో డాక్టరే సీటీ రాసిత్తాడా?"

"మందమ్మా అది."

"నా సుట్ట కంపు. అల్లుడుగోరి గంజాయి మందు. సరే."

ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లె. పెళ్ళికి ముందు నుంచీ అడ్డపొగ తాగే మనిషి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, పొగనీ బూడిదనీ నోట్లోనే చక్కబెట్టుకునే విద్య అది. రెండువేల ఇరవైలో కూతురింటికి మూడు నెలలుందామని జర్మనీలోని జీగెన్ వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. తెచ్చుకున్న చుట్టల కట్ట ఎండాకాలం దాటకుండానే అయిపోయింది. ఒకరోజు ఎవరూ చూడకుండా ఖాళీ పొగపెట్టె నోట్లో పెట్టుకుంది. అలవాటు కొద్దీ వేడెక్కే వైపే పెట్టుకుంది. నాలుక చురుక్కుమంది. గుమ్మంలో నిలబడ్డ కమలాకర్ చూశాడు.

"అటు కాదు అత్తమ్మా, ఇటు," అన్నాడు నవ్వు ఆపుకుంటూ.

ఆవిడ అతని వైపు తిరగలేదు. గోడతో మాట్లాడింది. "తెలిసినోళ్ళు తెలిసినట్టే తాగుతారు. మధ్యలో ఎవులూ నేర్పక్కర్లేదని సెప్పు."

పదకొండేళ్ళుగా అలివేలుమంగ అల్లుడితో మాట్లాడలేదు. ఆవిడ మనసులో పగలు చాలానే దాచుకున్న మనిషి. కుంచం తక్కువ కొలిచిన తోడికోడలి మీద, కంచె జరిపిన పొరుగువాడి మీద, ఇద్దరూ పోయాక కూడా కోపం పోలేదు. అల్లుడి మీదది మాత్రం వేరు. శాంత పెళ్ళి హైదరాబాదులో, ఏసీ ఉన్న హాల్లో జరిగింది. భర్త పోయిన మనిషి కనక పీటల మీద కూర్చోడానికి ఎలాగూ లేదు. ముందు వరసలో ఒక కుర్చీ ఉంటుందనుకుని నేత చీర కట్టుకుని వచ్చింది. ముహూర్తం దగ్గరపడ్డాక మరిది వాసుదేవరావు వచ్చి, "వదినా, కాసేపు స్టోరు గదిలో కూర్చో. చుట్ట వాసనొస్తోందని మగపెళ్ళివారు అంటున్నారు," అన్నాడు. బియ్యం బస్తాల మధ్య కూర్చుని కూతురి పెళ్ళి బాజాలు గోడ అవతల నుంచి వింది. ఒక్క ఫొటోలో లేదు.

ఆవిడకి కావలసింది ఒక్కటే. తప్పయింది అని ఎవరో ఒకరు తన ముందు నిలబడి అనాలి. అల్లుడు అన్నప్పుడే అతనితో మాట్లాడాలని ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడా అల్లుడు రోజురోజుకీ ఎముకలకి అంటుకుపోతున్నాడు. అనకుండానే పోతాడేమోనన్న దిగులు ఆవిడకి పట్టుకుంది. ఆ దిగులుని ఆవిడ కోపమనే అనుకునేది.

మూడు పూటలా పెట్టె నింపి ఇచ్చేది మాత్రం ఆవిడే. గట్టిగా కూరితే గాలి ఆడదు, వదులుగా వేస్తే ఆకు వృథా. చుట్టలు చుట్టిన వేళ్ళకి ఆ కొలత తెలుసు. కమలాకర్ కిటికీ పక్కన మంచం మీద వాలి, వెచ్చబడ్డ చెక్కని రెండు చేతుల మధ్యా పిచ్చుకపిల్లలా పట్టుకుని, నెమ్మదిగా పీల్చేవాడు. మొదటి గుక్కకి నుదుటి మీద గీతలు వదులయ్యేవి. రెండోదానికి భుజాలు దిగేవి. "అబ్బ, ఎంత మంచిగ చేసిండు ఎవడో," అని చెక్కని బొటనవేలితో నిమిరేవాడు. ఆ పావుగంటా అతనికి ఒళ్ళుండేది, నొప్పి ఉండేది కాదు. రెండు ముద్దలు పెరుగన్నం తినేవాడు.

అతను వదిలిన ఆవిరి మామూలు ఆవిరిలా చెదిరిపోయేది కాదు. కప్పు కింద చేరి, అతను బతికిన రోజుల్లో ఒక రోజై నిలబడేది. ఏ రోజు వస్తుందో అతని చేతిలో లేదు. పదో తరగతి ఫలితాల రోజు వచ్చింది. శాంతతో కలిసి బస్టాపులో తడిసిన రోజు వచ్చింది. కిటికీ తీసేదాకా ఆ రోజు గదిలోనే ఉండేది. తీస్తే ఇళ్ళ కప్పుల మీదుగా కొండ వైపు వెళ్ళిపోయేది. తియ్యకపోతే మెల్లగా కిందికి దిగి అతని రొమ్ము మీద కూర్చునేది, ఊపిరాడేది కాదు. అందుకని తీసేవాళ్ళు. కింద వాటాలో ఉండే ముసలామె ఒకసారి మెట్ల మీద శాంతని ఆపి, మాస్కులోంచే, "మీ హైదరాబాదు వానకి నా దుప్పట్లు తడిశాయి. వానరోజు వదిలేముందు బెల్లు కొట్టు, తీసుకుంటాను," అంది. ఆ తరవాత శాంత బెల్లు కొట్టేది.

వెళ్ళిన రోజు తిరిగి రాదు. ఆ రోజులో ఎవరెవరున్నారో వాళ్ళందరి తలల్లోంచీ పోయేది. అలివేలుమంగ ఆ రోజుల్లో లేదు గనక, కప్పు కింద చూసినదంతా ఆవిడకి గుర్తుండేది.

"ఇవాళ ఏం పోయిందమ్మా?" అని అడిగేది శాంత గిన్నెలు తోముతూ.

"బస్టాపు. వానలో తడిసేరు మీరిద్దరూ. నీ సెప్పు తెగిపోయింది. ఆయన తన సెప్పులు నీకిచ్చి వొట్టి కాళ్ళతో నడిసేడు."

"అలాగా," అనేది శాంత, ఎవరి కథో విన్నట్టు. తరవాత కడిగిన గిన్నే మళ్ళీ కడిగేది.

"ఆపెయ్యొచ్చు కదా," అంది ఒకసారి భర్తతో. "అన్నీ పోతే నాకేం మిగులుతుంది?"

"ఆపితే నొప్పి మిగుల్తది," అన్నాడు కమలాకర్. "నొప్పిల నిన్ను కూడా గుర్తుపడ్తలేను శాంతా."

ఆమె ఇంకెప్పుడూ అనలేదు.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఆఖరి టెర్మిన్, రమ్మన్న తేదీ, కూడా అయిపోయింది. ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నారు. జనవరిలో ఒక ఆదివారం, మంచు పడుతుండగా, కమలాకర్ పెట్టె అందుకుని గొట్టం నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు.

"ఇయ్యాల వద్దనిపిస్తుంది అత్తమ్మా. లోపల ఒకటి కదులుతున్నది. పట్టి ఉంచుతున్న గనీ, బలం చాలుతలేదు."

ఆవిడ గోడతో, "నొప్పి వొచ్చీలోగా తాగమను," అంది.

అతను పీల్చాడు. వదిలాడు. కప్పు కింద ముందు కొబ్బరాకులు కనబడ్డాయి, తరవాత దీపాలు, పసుపు నీళ్ళ వాసన. హైదరాబాదు పెళ్ళి హాలు. గుమ్మంలో శాంత ఆగిపోయింది. అలివేలుమంగ కుర్చీ చేతులు పట్టుకుంది. ఏ రోజు కోసం ఇన్ని నెలలుగా కప్పు వైపు మెడ నొప్పెట్టేలా చూసిందో ఆ రోజు వచ్చింది. మగపెళ్ళివారిలో ఆ మాట అన్నది ఎవరో ఇప్పుడు తేలిపోతుంది.

కమలాకర్ పీటల మీద కూర్చుని ఉన్నాడు. అతని ముందు అడ్డుతెర. తెల్లటి గుడ్డ, మధ్యలో పసుపు స్వస్తిక్. అది అతను చూసిన రోజు కనక తెర అవతల ఏముందో కనిపించదు, వినిపిస్తుంది. సన్నాయి ఒక్క క్షణం ఆగింది. ఆ సందులో తెర అవతల నుంచి పెళ్ళికూతురి గొంతు మెల్లగా వచ్చింది.

"బాబాయ్, అమ్మని కాసేపు స్టోర్‌రూంలో కూర్చోబెట్టు. చుట్ట తీసిందంటే వీళ్ళందరి ముందు నా పరువు పోతుంది. నేనన్నానని చెప్పకు. వీళ్ళు అన్నారని చెప్పు."

తెర ఇవతల కమలాకర్ తల ఎత్తాడు. ఏదో అనబోయాడు. సన్నాయి మళ్ళీ అందుకుంది.

శాంత ముఖంలో నెత్తురు లేదు.

అలివేలుమంగ పదకొండేళ్ళలో మొదటిసారి అల్లుడి ముఖంలోకి చూసి మాట్లాడింది. "నీకు తెలుసును. ఇన్నేళ్ళూ నాకెందుకు సెప్పలేదు బాబూ?"

"మీరు నాతోని మాట్లాడకున్నా నడుస్తది అత్తమ్మా," అన్నాడు కమలాకర్. "ఆమెతోని మాట్లాడకుంటే నడవది."

పెళ్ళిరోజు బరువైన రోజు. మూడొందల మంది జనం, వంటశాల పొయ్యిలు, బాజాలు అన్నీ కలిసి కిందికి దిగడం మొదలుపెట్టాయి. కమలాకర్ ఊపిరి కొట్టుకుంది. శాంత కిటికీ పిడి పట్టుకుంది గాని తిప్పలేదు. తిప్పితే పెళ్ళి పోతుంది.

"అమ్మా," అంది. "అమ్మా, నేను..."

ఆ మాట ఆ నోట్లోంచి రావడానికి ఇంకొక్క క్షణం చాలు. పదకొండేళ్ళు ఎవరి నోటి నుంచో రావాలని ఎదురుచూసిన మాట అది. అలివేలుమంగ కూతురి పెదాలే చూస్తోంది. మంచం మీద కమలాకర్ గోళ్ళు నీలంగా మారాయి.

ఆవిడ లేచి, కూతురి చెయ్యి పక్కకి తోసి, కిటికీ బార్లా తీసింది.

చలిగాలి లోపలికి వచ్చింది, పెళ్ళి బయటికి వెళ్ళింది. కొబ్బరాకులూ దీపాలూ మంచు మీదుగా కొండ వైపు సాగిపోయాయి. సన్నాయి కొంతసేపు వినిపించి ఆగిపోయింది. కమలాకర్ గట్టిగా ఊపిరి పీల్చుకుని కళ్ళు మూసుకున్నాడు. శాంత తన తడి చెంపలు తడుముకుంది.

"ఎందుకేడుస్తున్నానమ్మా నేను? ఇవాళ ఏం పోయింది?"

తను కూడా మర్చిపోతుందేమో అని అలివేలుమంగ కాసేపు ఎదురుచూసింది. బియ్యం బస్తాలు గుర్తున్నాయి. గోడ అవతలి బాజాలు గుర్తున్నాయి. తెర అవతలి మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. స్టోరు గదిలో కూర్చున్న మనిషిని ఆ రోజు తనలో కలుపుకోలేదు.

"పెద్దగా ఏటీ నేదు," అంది. "కిటికీ ముయ్యి. ఆయనకి సలి."

మాఘమాసం సగంలో కమలాకర్ పోయాడు. పోయేదాకా ఆవిడ అతనితో మాట్లాడుతూనే ఉంది. అన్నం తిన్నావా బాబూ, కాళ్ళు పట్టమంటావా బాబూ అని. పెట్టె నింపి, మొదటి గుక్క అందేదాకా గొట్టం తన చేత్తో పట్టుకునేది. దహనానికి కొద్దిమందినే రానిచ్చారు. పాడె మొయ్యడానికి ఎవరూ లేరు. నల్ల బండి వచ్చింది, వెళ్ళింది.

నెల దాటాక శాంత లాప్‌టాప్‌లో పెళ్ళి ఫొటోలు తెరిచింది. ఒక్కొక్కటీ జరుపుతూ పరాయివాళ్ళ ఆల్బం చూసినట్టు చూసింది. ఎర్రంచు పట్టుచీరలో నవ్వుతున్నది తనేనని ముఖాన్ని బట్టి పోల్చుకుంది.

"నాకేమీ గుర్తులేదమ్మా. ఆయన కూడా లేడు అడగడానికి. నువ్వు చెప్పు, నా పెళ్ళెలా జరిగింది?"

అలివేలుమంగ చెప్పింది. కొబ్బరాకులు, దీపాలు, పసుపు నీళ్ళు. అల్లుడుగోరు పీటల మీద ఎంత నిటారుగా కూర్చున్నారో, గొంతు విని ఎలా తలెత్తి చూశారో.

శాంత ఫొటోలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసింది. "మరి నువ్వు ఒక్కదాంట్లో కూడా లేవేంటి? నా పెళ్ళిలో నువ్వెక్కడున్నావమ్మా?"

కిటికీ బయట కొండ మీద మంచు కరుగుతోంది. అలివేలుమంగ కూతురి ముఖం చూసింది. ఆ ముఖంలో దాచుకున్నది ఏమీ లేదు. ఎంత వెతికినా తప్పు చేసిన మనిషి అక్కడ లేదు.

"ఎక్కడుంతాను పిల్లా," అంది. "అడ్డుతెర వొక కొస మీ బాబాయి అట్టుకున్నాడు. రెండో కొస నాను. గుడ్డ సాటున్నాను, ఎలా అవుపిస్తాను?"

శాంత ఫొటో పెద్దది చేసింది. తెల్లటి తెర అంచు దగ్గర వేలు పెట్టింది.

"ఇక్కడా?"

"ఆఁ, అక్కడే. నీ పక్కనే."