చివరింటి ఇన్వర్టరు

నేను ఒక సోలార్ ఇన్వర్టరుని. ఫ్యాక్టరీలో పరీక్షించి, భేషుగ్గా ఉన్నానని స్టిక్కరు అంటించి మరీ నన్ను పంపారు. రామచంద్రపురంలో ఒక వీధి చివరి ఇంటి గోడకెక్కాను. మేడమీది పలకలు పట్టిచ్చిన కరెంటును ఇంటికి సరిపెట్టి, మిగిలింది వీధి తీగలోకి పంపడం నా పని.

ఇంటావిడ దమయంతి గారు రిటైరైన హిందీ టీచరు. వీధిలో మొట్టమొదట సోలార్ పెట్టించింది ఆవిడే, నచ్చజెప్పి ఇంటింటా పెట్టించిందీ ఆవిడే. అన్ని మేడలమీదా పలకలు లేచిన వారం నుంచే నాకు గ్రహపాటు మొదలైంది. ఎండ మండే మిట్టమధ్యాహ్నమే ఎర్రదీపం వెలిగించి ఆగిపోయేదాన్ని. ఆవిడ నాకు గొడుగు కట్టారు, నిమ్మకాయలు వేలాడదీశారు. అంతుపట్టని జబ్బుకి మనుషుల దగ్గర ఎప్పుడూ నిమ్మకాయ సిద్ధంగా ఉంటుంది.

వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మరు పక్కింటి సోమరాజు గారు మాత్రం, "అందరిచేతా పెట్టించిన టీచరుగారిదే పనిచేయట్లేదండోయ్!" అని వచ్చేపోయేవాళ్ళకి చెప్పి నవ్వేవారు. ఆవిడకి తల కొట్టేసినట్లయింది. నన్ను వెనక్కి పంపేయడానికి అట్టపెట్టె తెచ్చి నా కిందే పెట్టారు. నిజం చెబుతున్నాను, నాకు భయం వేసింది.

ఇంతలో ఆవకాయ రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం వీధి మొత్తం మిక్సీలు పెట్టి ఆవాలు ఆడించింది. ఆరోజు నేను ఆగలేదు! అది చూసి దమయంతి గారు ఆవపిండి చేతులతోనే కరెంటాఫీసుకి ఫోను చేశారు. మర్నాడు మధ్యాహ్నం ఇంజనీరు నఫీసా వచ్చి, వీధివాళ్ళందరి ముందూ పరీక్ష చేసింది.

"మీ మిషను బంగారంలా ఉందండి. మధ్యాహ్నం అన్ని మేడల కరెంటూ ఒకే తీగమీద పడి ఓల్టేజీ పెరిగిపోతోంది. చివర్న మరీ ఎక్కువ. హద్దు దాటితే ఇది ఆగిపోతుంది. నిన్న మిక్సీలు ఆ కరెంటు వాడేసుకున్నాయి కాబట్టి ఆగలేదు. ఆ వేళప్పుడు అందరూ తీగలోకి పంపేది తలా కాస్త తగ్గించుకుంటే ఇదొక్కటే ఆగక్కర్లేదండి."

"నాది బాగానే ఉంటే నేనెందుకు తగ్గించుకోవాలండీ?" అన్నారు సోమరాజు గారు.

"మునుపు కుళాయికి మోటార్లు వేసేసేవారు కదండీ, చివర్న నా బిందె నిండట్లేదంటే అందరితోపాటు మీరూ ఆపారు. ఇదీ అంతే," అన్నారు దమయంతి గారు.

సోమరాజు గారు తన ఇంటివైపు దారి చూపించారు. "అయితే ముందు నాదే తగ్గించమ్మా," అన్నారు ఇంజనీరుతో.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం వీధిలోని ఇన్వర్టర్లం అందరం కాస్త నెమ్మదిగా పనిచేస్తాం. నా దీపం పచ్చగానే ఉంటుంది. నన్ను పంపడానికి తెచ్చిన అట్టపెట్టెలో ఆవకాయ జాడీ పెట్టుకుని దమయంతి గారు సోమరాజు గారింటికి వెళ్ళారు. ఆయన జాడీ కడిగి తిరిగిచ్చారు గానీ, పెట్టె మాత్రం రాలేదు. రాకపోతేనే నాకు నిశ్చింత.