బస్సు మారిన అత్తగారు

కంటి ఆపరేషనయిన అత్తగారిని వెంటబెట్టుకుని కోడలు పొద్దున్నే బస్సెక్కింది. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ కాపురమే. బయల్దేరేముందు కూడా కిటికీ సీటు దగ్గర మాటా మాటా అనుకున్నారు.

సగం దారిలో బస్సు హోటల్ ముందు పావుగంట ఆగింది. "ఇక్కడే కూర్చోండత్తయ్యా, నీళ్ళు పట్టుకొస్తా," అని అత్తగారిని హోటల్ బల్ల మీద కూర్చోబెట్టి కోడలు సీసా తీసుకుని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బల్ల మీద అత్తగారు లేరు. బస్సెక్కి చూసింది. సీటు ఖాళీ. హోటలంతా, వెనక పెరడంతా గాలించింది. ఆవిడ ఫోను తన సంచిలోనే ఉందని గుర్తొచ్చి ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. మా ఆయనకి ఏం మొహం పెట్టుకుని చెప్పను?

"నల్ల కళ్ళద్దాల పెద్దావిడేనా?" అన్నాడు కండక్టరు. "మన బస్సు రంగుదే ఇంకోటి ఇందాకే వెళ్ళింది. హారన్ కొడితే అది ఎక్కేసుంటారు. కంగారు పడకమ్మా."

అతను ఆ బస్సు డ్రైవరుకి ఫోను కలిపాడు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తిన మనిషి గొంతు కంటే వెనకాల కేకలే ఎక్కువ వినిపించాయి.

"ఉన్నారు బాబూ! వంతెన దాటి ఆపేశాం. మేం ఆపడమేంటి, ఆవిడే ఆపించారు. తొందరగా రండి, మీకు పుణ్యముంటుంది!"

వంతెన దాకా ఉన్న ఎనిమిది కిలోమీటర్లూ కోడలు సీటు అంచునే కూర్చుంది.

వంతెన అవతల ఆ బస్సు మెట్టు మీద అత్తగారు రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడి ఉన్నారు. "నా కోడలు ఎక్కకుండా బండి కదిలిందో, చూసుకోండి! అది నోరున్నదే గానీ, దారీ తెన్నూ తెలీదు దానికి!"

కోడలు పరుగెత్తింది. "అత్తయ్యా!"

"ఎక్కడికి పోయావే? చంటిపిల్లలా తప్పిపోతావా? నా గుండె ఆగినంత పనయింది!"

తప్పిపోయిందెవరో చెబుదామని కోడలు నోరు తెరిచింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్తగారి రెండు చేతుల్నీ గట్టిగా పట్టుకుని తమ బస్సులోకి నడిపించింది. జనం పక్కకి జరిగి దారిచ్చారు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

బస్సు కదిలాక అత్తగారు కోడలి చెవి దగ్గరికి వంగారు.

"నువ్వు తప్పిపోయిన సంగతి వాడికి చెప్పనులే. భయపడకు."

"సరే అత్తయ్యా," అంది కోడలు హాయిగా వెనక్కి వాలి.