నూట పన్నెండు మెట్ల బూట్లు

మా ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండవు, బూట్లు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు వాళ్ళ కాళ్ళవైపు చూసి, "ఓ, మీరా" అంటాడు. మెట్లవీధి మొదట్లో ఆయన రిపేరు దుకాణం. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు బయట నిలబడాలి. ముప్పై ఏళ్ళుగా అక్కడ కూర్చుని, మడమ ఏ పక్క అరిగిందో చూసి, ఆ మనిషి ఏ చేత్తో బరువు మోస్తాడో చెప్పేస్తాడు.

మేముండేది ఆ మెట్ల చిట్టచివర. కింది నుంచి లెక్కపెడితే నూట పన్నెండు. నీళ్ళ పైపు మాత్రం కింద కూడలిలో కొళాయి దగ్గరే ఆగిపోయింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నీళ్ళొస్తాయి. రోజుకు నాలుగు క్యాన్లు నేనే మోస్తాను. మోకాలి ఎక్స్‌రే చూసి డాక్టరు, "ఇక మెట్లెక్కడం మానేయాలమ్మా" అన్నాడు. నీళ్ళకు చెప్పండి, అవే ఎక్కి వస్తాయి అన్నాను. ఆయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

పైపు వేయిస్తామని మూడు ఎన్నికలుగా వింటున్నాం. చివరి రెండుసార్లూ అన్నది, గెలిచింది, ఇప్పుడు మళ్ళీ నిలబడ్డది ఒక్కాయనే. ఊరంతా ఆయన్ని పేదల అన్న అంటుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు కదా, ఈయన ఆ ఏరు రెండుసార్లు దాటాడు. ఈసారి నలభై రోజులు పేదల వీధులన్నీ కాలినడకన తిరుగుతానని ప్రకటించాడు.

నడక మొదలైన పదో రోజున ఆయన సెక్రటరీ మా దుకాణానికొచ్చాడు. నేను మా ఆయనకు అన్నం తెచ్చి అక్కడే ఉన్నాను. సెక్రటరీ అట్టపెట్టె తెరిచి కొత్త బూట్ల జత బల్లమీద పెట్టాడు.

"వీటిని అరగదీయాలి. నెలరోజుల్లో."

"అన్న నడుస్తున్నారు కదండీ, వాటంతటవే అరుగుతాయి" అన్నాడు మా ఆయన. ఆ మాట అమాయకంగానే అన్నాడు.

సెక్రటరీ కప్పు వైపు చూశాడు. "వీధి మొదట్లో నడుస్తారు. వీధి చివర నడుస్తారు. మధ్యలో కారుంటుంది. ఆఖరి సభలో ఈ బూట్లు ఎత్తి జనానికి చూపించాలి. కెమెరాలుంటాయి, గీకినట్టు తెలియకూడదు."

"ఆకురాయితో గీకితే తెలిసిపోతుందండీ. బూటు అరగాలంటే నడవాల్సిందే." మా ఆయన బూటు తిప్పి నంబరు చూశాడు. ఆరు. తర్వాత నా కాళ్ళవైపు చూశాడు. నావీ ఆరే.

నాకు ఒళ్ళు మండింది. "పైపు ఎప్పుడు వేయిస్తారు బాబూ?" అని సెక్రటరీని అడిగాను.

"ఈసారి గెలిస్తే ఖాయం అక్కా."

"గెలవకముందు ఏమీ లేదా?"

"ఈ బూట్లున్నాయి కదక్కా" అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాకే బూట్లు తీసుకున్నాను. ఏం చేయాలో అప్పటికి తెలియదు. ఊరికే మాత్రం తిరిగివ్వకూడదని అనుకున్నాను.

నెలరోజులు వాటితోనే నీళ్ళు మోశాను. "మగాడి బూట్లేంటే కోడలా, నీ వేషం నువ్వూనూ" అంది మా అత్తయ్య గుమ్మంలోంచి. "ఎన్నికల్లో నిలబడుతున్నా అత్తయ్యా" అన్నాను. "అయితే నా ఓటు వేరేవాళ్ళకే" అంది ఆవిడ. మొదటివారం మడమలు బొబ్బలెక్కాయి. తర్వాత తోలు మెత్తబడి నా పాదానికి అలవాటుపడింది.

సభకు ముందురోజు మా ఆయన బూట్లు ఒళ్ళో పెట్టుకుని చూసి తల పట్టుకున్నాడు. "వేళ్ళ దగ్గర అరిగాయి. ఇది మెట్ల అరుగుడు. కుడి మడమ బయటి అంచు పూర్తిగా పోయింది, అది నీ క్యాను బరువు. చదును రోడ్డు మీద తిరిగినవాడి బూటు ఇలా ఉండదు." అంటూనే సొరుగులోంచి ఆకురాయి తీశాడు, మడమలు సరిచేద్దామని.

చెయ్యి పట్టుకున్నాను. "ముట్టుకోకండి. అది నా మోకాలు."

"వాళ్ళకు కోపమొస్తే రేపు ఈ దుకాణం ఉండదే."

"మెట్లమీద కూర్చుని కుడదాం. జాగాకు కొదవా?"

 నాకూ భయంగానే ఉంది. ఆయన చివరికి ఆకురాయి సొరుగులో పెట్టి, బూట్లకు లేసులు మాత్రం కొత్తవి ఎక్కించాడు.

సెక్రటరీ వచ్చి బూట్లు తీసుకుని, నాకు కూడా ఒక పని చెప్పాడు. మా కూడలిలోనే ఆఖరి సభ. వీధి తరఫున ఒక ఆడమనిషి మైకులో ఒక్క వాక్యం చెప్పాలి, 'అన్న మా కోసం నడిచాడు' అని. బూట్ల గుట్టు మా ఇంటికే తెలుసు కనుక బయటికి పొక్కదని నన్ను ఎంచుకున్నాడు. సరేనన్నాను. మర్నాడు పొద్దున కొళాయి దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళందరికీ, ఎవరికి ఏ మెట్టో చెప్పాను.

సాయంత్రం నీళ్ళొచ్చే వేళకే సభ. అన్న బాగా మాట్లాడాడు. వాళ్ళమ్మ కూడా నీళ్ళు మోసి ఆయన్ని పెంచిందని చెప్పినప్పుడు గొంతు బొంగురుపోయింది. అది నాటకమని నాకనిపించలేదు. కానీ అమ్మ మోసిన బరువు కొడుకు చేతికి తెలియదు, అదీ నిజమే. తర్వాత బూట్లు రెండూ పైకెత్తాడు. "ఇవి మీ వీధుల్లో అరిగాయి తల్లీ." చప్పట్లు మోగాయి. మైకు నా చేతికిచ్చారు.

"ఈ బూట్లు నడిచిన మాట నిజం" అన్నాను.  "వేళ్ళ దగ్గర చూడండి. మెట్లెక్కితే అక్కడ అరుగుతాయి. నెలరోజులు వీటిని తొడుక్కుని ఈ కొళాయి నుంచి నీళ్ళు మోసింది నేను. ఇచ్చింది ఆ సెక్రటరీ బాబు."

సెక్రటరీ మైకు కోసం రాబోయాడు. మా ఆయన, పేరు పెట్టి పిలిస్తేనే ఉలిక్కిపడే మనిషి, అతనికి అడ్డంగా నిలబడ్డాడు.

"అన్న నడవలేదని నేననను. ఇంకా టైముంది. ఇవిగో బూట్లు, ఇదిగో నిండు క్యాను, అవిగో మెట్లు. అన్నా, ఒక్కసారి."

కెమెరాలన్నీ ఆయనవైపు తిరిగాయి. అన్న నవ్వాడు. ఇంకేం చేస్తాడు. బూట్లు తొడుక్కుని క్యాను అందుకున్నాడు.

ఇరవై మెట్లదాకా జనానికి చెయ్యి ఊపాడు, నేను వెనకే ఎక్కాను. ముప్పై దగ్గర క్యాను చెయ్యి మార్చాడు. నా పాదానికి అలవాటైన బూట్లు కదా, ఆయన్ని కరిచాయి. యాభై దగ్గర కుంటడం మొదలైంది. అరవై ఒకటో మెట్టు మీద క్యాను దింపి కూలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. సెక్రటరీ పరుగెత్తుకొచ్చి క్యాను అందుకోబోయాడు.

"వద్దు బాబూ. ఇంకా యాభై ఒకటున్నాయి" అన్నాను.

అన్న కిందికి చూశాడు. మా వెనకాలే ఎక్కొచ్చిన ఆడవాళ్ళు అరవై మెట్ల మీదా నిండు క్యాన్లు పెట్టి, పక్కనే కూర్చున్నారు. మెట్టుకొకరు. దిగే దారి లేదు.

"రేపే ఇంజనీరును పంపిస్తానమ్మా" అన్నాడు ఆయాసపడుతూ. మైకు లేదు, అయినా ఆ మాట అందరికీ వినబడింది.

"ఆ రేపు పదేళ్ళ నుంచి వింటున్నాం అన్నా. మాకు తొందరేం లేదు, కూర్చుంటాం. మీరు పైకైనా మోయండి, లేదా ఇక్కణ్ణుంచే ఇంజనీరుతో మాట్లాడండి."

పైనున్న యాభై ఒక్క మెట్లనూ ఆయన ఒకసారి చూశాడు. వంగి కుడి బూటు విప్పి, మడమ నిమురుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

నేను పక్కమెట్టు మీద, మోకాలు చాచుకుని కూర్చున్నాను.

"స్పీకర్‌లో పెట్టండన్నా" అన్నాను. "కింది మెట్టుదాకా వినబడాలి."