నాలుగువందల పన్నెండు సార్లు

నినింగ్ సోయా టెంపే ముక్కలు నూనెలో తిరగేస్తుంటే భర్త కొసాసిహ్ వెనక నుంచి అడిగాడు. "నా వ్యాసం లెక్క తేలిందా, నెంగ్? మంత్రిత్వ శాఖకి శుక్రవారమే కదా పంపాలి?"

"తేలింది. నాలుగువందల పన్నెండు," అంది నినింగ్.

చాప మీద కూర్చున్న అత్తగారు మురిసిపోయింది. "ఎంత అదృష్టమమ్మా నీది! మొగుడి గొప్ప లెక్కపెట్టే ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది?"

బోగోర్‌లోని ప్రభుత్వ చేపల పరిశోధనా సంస్థలో కొసాసిహ్ శాస్త్రజ్ఞుడు, నినింగ్ లైబ్రేరియన్. ఇంట్లో మాత్రం ఆయనకి ఆమె 'నెంగ్', ఆమెకి ఆయన 'కాంగ్'. పదేళ్లలో ఏ సంస్థ ఎన్ని వ్యాసాలు ప్రచురించింది, వాటిని ఎంతమంది శాస్త్రజ్ఞులు తమ రచనల్లో ఉదహరించారు అని ప్రభుత్వం లెక్క అడిగింది. లెక్కలో వెనకబడ్డ సంస్థల్ని వేరేవాటిలో కలిపేస్తారట. మూడు నెలలుగా ఆ పట్టిక నినింగ్ నెత్తినే ఉంది.

పట్టిక తెరిచినప్పుడల్లా అన్నిటికన్నా పైన ఆ వ్యాసమే. గురామి చేపల పెరుగుదల మీద. రాసినవాళ్లు కొసాసిహ్ వీరదినత, విదూరి ప్రమేశ్వరి. ఎక్కడో బ్రెజిల్‌లో, ఈజిప్టులో, ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ రెండు పేర్లనీ పక్కపక్కన రాశారు. వాళ్లిద్దరి మధ్యా ఏదైనా ఉండుంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేది. ఏమీ లేదు. అదే నినింగ్‌కి మరీ మంట. విదూరి అనే ఆ అమ్మాయి పనిచేసింది మూడు నెలలు, లెక్కలు కట్టింది. రెండేళ్లు తెల్లారకముందే చెరువుల్లో దిగి నీటి వేడి చూసి, జారిపోయే చేపల్ని పట్టుకుని కొలిచి, కడుపుతో ఉన్నప్పుడు కూడా బురదలో నిలబడి, ఇంటికొచ్చి వంట చేసి ఆఫీసుకి పరిగెత్తింది తను. విదూరి ఫొటో వెతికి ఎన్నిసార్లు చూసిందో! ఆమె మిగతా వ్యాసాల్ని పెద్దగా ఎవరూ ఉదహరించలేదని తెలిసిన రోజు లోలోపల పండగ చేసుకుంది.

"నా పేరేది?" అని అప్పట్లో ఒక్కసారే అడిగింది.

"నీది ఒక్క పేరేగా నెంగ్! పత్రికవాళ్ల ఫారంలో పేరుకీ ఇంటిపేరుకీ రెండు గడులుంటాయి. ఒకటి ఖాళీగా ఉంటే తీసుకోదు. నన్నేం చేయమంటావు?"

నమ్మింది. ఒక్క పేరే పెట్టినందుకు తొమ్మిదేళ్లపాటు చచ్చిపోయిన తండ్రిని తిట్టుకుంది.

మంగళవారం పేర్లు సరిచూస్తుంటే 'సుకర్న సుకర్న' అని కనిపించింది. కొసాసిహ్ వ్యాసం వచ్చిన పత్రికే, ఆ ఏడాదే. పొరపాటేమోనని మేత గదిలో పనిచేసే ముసలి సుకర్నని వెళ్లి అడిగింది.

ఆయన పకపకా నవ్వాడు. "పొరపాటు కాదమ్మా! ఒంటి పేరోళ్లకి అంతే. అదే పేరు రెండో గడిలోనూ కొట్టేస్తారు. వ్యాసం రాసిన మా డాక్టరుగారు రెండు నిమిషాల్లో చేసేశారు."

రెండు నిమిషాలు. నినింగ్ లైబ్రరీకి తిరిగొచ్చి తలుపు వేసుకుంది. సురబాయాలో ఉన్న విదూరికి ఫోన్ చేసింది.

వ్యాసం సంగతి ఎత్తగానే విదూరే చెప్పింది. "కొలతల పుస్తకాలన్నీ మీ చేతిరాతే అక్కా. మీ పేరేదని నేనూ అడిగాను. ఆవిడకి ఇలాంటివి ఇష్టం ఉండవు అన్నారు మీవారు. మళ్లీ అడగాల్సింది. అడగలేదు."

ఆ క్షణాన నినింగ్‌కి ఆమె మీద ఇంకా ఒళ్లు మండింది. కనీసం చెడ్డది కూడా కాకపోయె. "ఇప్పుడు పేర్లు సరిచేయమని పత్రికకి ఉత్తరం రాస్తే సంతకం పెడతావా?" అంది.

"పంపండక్కా."

గురువారం పొద్దున ఆ ఉత్తరం నకలు టీ గ్లాసు పక్కన పెట్టింది. కొసాసిహ్ చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు.

"రేపు లెక్క పంపాలి, ఇవాళ ఇదేంటి? సంస్థ పరువు తీస్తావా?"

"సంస్థ లెక్క అలాగే ఉంటుంది కాంగ్. నాలుగువందల పన్నెండులో ఒక్కటీ తగ్గదు. పేర్లు సరిచేయమంటున్నా, అంతే."

ఆయన మళ్లీ చదివాడు. "మొదట నీ పేరా? తర్వాత విదూరి? నేను మూడోవాణ్ణా?"

"ఎవరెంత పని చేస్తే అంత."

"నినింగ్! అందరూ ఆ వ్యాసాన్ని నా పేరుతోనే ఎరుగుదురు!"

"రచయితలు ఇద్దరే కాబట్టి ఉదహరించేటప్పుడు ఇద్దరి పేర్లూ రాసేవాళ్లు. ముగ్గురైతే మొదటి పేరొక్కటే రాస్తారు," అంది నినింగ్, గ్లాసు తీస్తూ. "ఇకనుంచి మీరు 'తదితరులు'లో ఉంటారు."