ఎల్ స్టిక్కర్ బండి

కొత్తగా నేర్చుకునేవాడికి చిన్న క్రూజర్ బైకు అమ్మడం తేలిక. సీటు కిందికి ఉంటుంది కాబట్టి రెండు పాదాలూ నేలకు ఆనుతాయి. ఆనగానే భయం పోతుంది, దాంతోపాటు బేరమాడే తెలివీ పోతుంది. ఈ హిందీ రాష్ట్రానికొచ్చి మోవాలో పాత బండ్ల షాపు పెట్టినప్పటి నుంచీ నాకు ఈ లెక్క తప్పలేదు.

వరహాలమ్మ గారు తెచ్చింది అలాంటి బండే. వాళ్ళబ్బాయి వీరేంద్ర కొన్నాడు. బండి మీద చేయి కుదరకముందే ధర్సీవాలో ఫ్యాక్టరీ ప్రమాదంలో చనిపోయాడు. ముందు మడ్‌గార్డు మీద ఎర్ర ఎల్ స్టిక్కరు అలాగే ఉంది.

"మీ బావ అభన్‌పూర్ ఎళ్ళారు. తిరిగొచ్చేలోగా అమ్మీ తమ్ముడూ" అంది. "బ్యాటరీ దిగిపోద్దని రోజూ సాయంత్రం స్టార్టు చేస్తారు. ఆ చప్పుడు ఇని, గుంటడొచ్చాడని నేను కూర ఎచ్చబెట్టేస్తన్నాను. గిన్నె దింపాక గుర్తొస్తంది."

ఆవిడ ఉండగానే ఎలీషా వచ్చాడు. రైల్వేలో కొత్త ఉద్యోగం, పొట్టి మనిషి. ఎక్కి కూర్చున్నాడు. పాదాలు ఆనాయి.

"ఏక్‌దమ్ బఢియా అంకుల్. ఎల్ కూడా లగాకే ఉంది, ఆ ఖర్చూ తప్పింది. ఓనరెవరు?"

"పోయాడు బాబూ" అన్నాను. తల్లి ముందు అంతకన్నా విప్పి చెప్పలేకపోయాను.

ఇక్కడ పుట్టిన రైల్వే పిల్లలకు తెలుగు వంటింటి వరకే. పోవడమంటే వాళ్ళకు బదిలీ మీద పోవడం.

"ఎక్కడికి? బిలాస్‌పూరా?"

"ధర్సీవా" అంది వరహాలమ్మ.

"పక్కనే కదా ఆంటీ. వస్తూ పోతూ ఉంటాడా?"

"మరి రాలేదు నాయినా."

నవ్వాడు. "మా అమ్మా ఇదే అంటాది, డ్యూటీ దొరికితే ఇల్లు మర్చిపోతారని. సండే రమ్మనండి, ట్రాన్స్‌ఫర్ కాగితం మీద సైన్ పెట్టాలి కదా."

ఆవిడ నా వైపు చూసింది. దాచినా కాగితాల దగ్గర బయటపడుతుంది. బండీ తిరిగొస్తుంది, నా మాటకు విలువా పోతుంది. చెప్పేశాను.

ఎలీషా మెల్లగా దిగి స్టాండు వేశాడు. "సారీ ఆంటీ" అన్నాడు. తర్వాత నాతో, "అమ్మని పూఛ్‌కే వస్తా అంకుల్."

అమ్మనడిగి వస్తానన్నవాడు ఎప్పుడూ తిరిగి రాడు.

"అమ్ముడవకపోయినా ఇక్కడే ఉండనీ తమ్ముడూ" అంది ఆవిడ. సరేనన్నాను.

ఆవిడ భర్త వెంకటస్వామి అభన్‌పూర్ నుంచి వచ్చిన సాయంత్రమే షాపుకొచ్చాడు. "బ్యాటరీ దిగిపోద్ది బావా" అన్నాడు. తాళం ఇచ్చాను. ఇక రోజూ రావడం మొదలెట్టాడు. ఆయనెవరని గిరాకీలు అడిగేవారు. నిజం చెబితే పక్క బండి బేరం కూడా చెడేది.

చివరికి ఆ బ్యాటరీ విప్పి, అమ్ముడైన వేరే బండికి వేశాను.

ఆ సాయంత్రం ఆయన బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. రెండు పాదాలూ నేలకు ఆనించి అలాగే కూర్చున్నాడు. షట్టరు సగం దించాను. ఆయన బండి దిగలేదు.