నాలుగున్నర అంగుళాలు

"నా టేపు మీరు తీశారా?"

ఆయన టిఫిన్ ప్లేటులోంచి తలెత్తలేదు. "తీసినచోటే పెట్టాను."

"తీసినచోట ఉంటే మిమ్మల్నెందుకు అడుగుతానండీ?"

"కుట్టుమిషను సొరుగులో చూడు."

"చూశాను. దారపు ఉండలున్నాయి, మీ చిన్న స్క్రూడ్రైవరుంది. టేపు లేదు."

"స్క్రూడ్రైవరు అక్కడుందా?" ఆయన మొహం వెలిగింది. "వారం నుంచీ దాని కోసం కొట్టంతా వెతికిస్తున్నాను."

అత్తయ్యగారు ఇడ్లీ ముక్క కారప్పొడిలో అద్దుకుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "జాకెట్లు కొలుచుకునే టేపు కోసం పొద్దున్నే పంచాయతీ ఏంట్రా అబ్బాయ్. తీస్తే తీశానను, లేకపోతే లేదను."

"తీశానమ్మా. పెట్టాను కూడా."

టేపు భోజనాల బల్ల మీద దొరికింది. మా భోజనాల బల్ల మీద మేము భోజనం చేసి నాలుగేళ్ళవుతోంది. అక్కడ గోదావరి స్టేషను ఉంటుంది. రెండు ప్లాట్‌ఫారాలు, అగ్గిపెట్టెంత టిక్కెట్ల గది, చెక్కపొట్టుకి రంగు వేసి నిలబెట్టిన చెట్లు. రెండో ప్లాట్‌ఫారం చివర నా టేపు చుట్ట చుట్టుకుని పడి ఉంది. పక్కనున్న ఇంజను కంటే ఎత్తుగా ఉంది.

"దీంతో ఏం కొలిచారు?"

"ఇవాళేం కొలవలేదు, ఒక వంపు సరిచూసుకున్నానంతే. కొలతలన్నీ అప్పుడే అయిపోయాయిగా."

"అప్పుడంటే?"

"సిద్ధాంతిగారు రాకముందు. నువ్వూ అమ్మా కోరుకొండ తీర్థానికి వెళ్ళిన రోజు. వంపులకి స్టీలు టేపు వంగదు కదా. ఎలాగూ చేతిలో ఉంది కదాని తిన్నటి బల్లలు కూడా దీంతోనే లాగించేశాను." ఆయన చెయ్యి కడుక్కుని, స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని, కొట్టుకి వెళ్ళిపోయారు.

నేను టేపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

అది సాగిన టేపు. పదిహేడేళ్ళ నాటిది. మా అమ్మాయి హర్షిత పదో తరగతి స్కేలు పక్కన పెట్టి ఏడాదికోసారి చూసుకుంటాను. టేపు మీద అరవై అంగుళాలంటే అసలు కొలత అరవై ఒకటిన్నర. ఏ జాకెట్టు కుట్టినా ఆ తేడా మనసులో సరిచేసుకునే కత్తెర పెడతాను. కొత్తది కొనుక్కోవచ్చు కదమ్మా అంటుంది హర్షిత. దీని తప్పు ఎంతో నాకు తెలుసు, కొత్తదాని తప్పు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి.

ఆయన కొలతలో రైలు పట్టాలు బిగించిన బల్లల మొత్తం పొడుగు పద్ధెనిమిది అడుగులు. అందుకు తగ్గట్టే డాబా మీద ఆ రైలు కోసం గది లేస్తోంది, లోపల పద్ధెనిమిది అడుగుల ఒక అంగుళం. పద్ధెనిమిది అడుగులంటే రెండువందల పదహారు అంగుళాలు. అరవైకి ఒకటిన్నర చొప్పున సాగితే ఎంత? వేళ్ళ మీద లెక్క వేసి, నమ్మకం లేక పాలప్యాకెట్ కవరు మీద వేశాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. బల్లలు పద్ధెనిమిది అడుగుల అయిదున్నర అంగుళాలు. గదికంటే నాలుగున్నర ఎక్కువ.

ఆ రోజు నేను ఏ పనీ సవ్యంగా చెయ్యలేదు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఎందుకు తెరిచానో గుర్తురాక మూశాను. బియ్యం రెండుసార్లు కడిగాను.

జోగేశ్వరరావు, అంటే మా ఆయన, మెయిన్ రోడ్డులో మోటార్లూ పంపుసెట్లూ అమ్మే మనిషి. పదకొండేళ్ళుగా రాజమండ్రి నుంచి నిడదవోలు దాకా రైలు దారిని చిన్నది చేసి కడుతున్నారు. కట్టినదంతా ముక్కలు ముక్కలుగా ఇల్లంతా ఉంది. మా మంచం కింద కొవ్వూరు. అత్తయ్యగారి మంచం కింద నిడదవోలు. హర్షిత గదిలో బీరువా వెనక పొలాలు. అటక మీద పాత చీరల్లో చుట్టి గోదావరి వంతెన, ఒక్కో కమాను విడివిడిగా. దానికే నాలుగేళ్ళు పట్టింది. పొద్దున కొట్టు తెరిచేలోపు ఒక గంట, ఆదివారాలు, అంతే ఆయనకి దొరికే సమయం.

ఈ పదకొండేళ్ళలో ఆ రైలు ఒక్కసారి కూడా చుట్టు తిరగలేదు. భోజనాల బల్ల మీద నాలుగడుగులు ముందుకి వెళ్తుంది, నాలుగడుగులు వెనక్కి వస్తుంది. ఎవరైనా వస్తే ఆయన అలాగే నడిపి చూపిస్తారు. బల్ల చివర ఇంజను ఆగినప్పుడల్లా ఆయన మొహం చూడబుద్ధి కాదు నాకు. వచ్చినవాళ్ళు బాగుందండీ అంటారు. ఆయన "మొత్తం కలిపితే వేరేగా ఉంటుందండి" అంటారు.

గది కట్టడానికి అత్తయ్యగారు ఒప్పుకోవడానికే రెండేళ్ళు పట్టింది. వాస్తు ప్రకారం ఆయం కుదిరితేనే అన్నారు. సిద్ధాంతిగారు వచ్చి లోపలి పొడుగూ వెడల్పూ హెచ్చించి, భాగించి, పద్ధెనిమిది అడుగుల ఒక అంగుళం దగ్గర మంచి ఆయం వస్తుంది, ఒక్క అంగుళం జరిగినా వద్దన్నారు. ఆయన కొలతకి అంగుళం మిగులుతోందని ఆ రోజు ఇంట్లో అందరికీ స్వీటు పెట్టారు.

నేను అడిగింది ఒక్కటే. పడమటి గోడకి కిటికీ. కింది వాటాలో పడమర తెరిస్తే పక్కింటివాళ్ళ గోడ కనిపిస్తుంది. డాబా మీద నిలబడితే రెండు అపార్టుమెంట్ల మధ్య జానెడు వెడల్పున గోదావరి కనిపిస్తుంది. బట్టలు తియ్యడానికి వెళ్ళి నేను అక్కడ ఎంతసేపుంటానో ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. దుమ్ము వస్తుంది, తేమ వస్తుంది, పట్టాలు తుప్పు పడతాయి అని ఆయన నెల రోజులు గొణిగారు. ఆఖరికి ఒప్పుకున్నారు. కూర్చుంటే నీళ్ళు కనపడేలా కిటికీ గట్టు రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉండాలన్నాను. అదీ ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం స్టీలు టేపు తీసుకుని డాబా ఎక్కాను. మేస్త్రి అబ్బులు నీడలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

"ఏంటమ్మగారూ, ఈ ఎండలో?"

"ఒకసారి ఆ చివర పట్టుకో అబ్బులూ."

గది అంగుళం తేడా లేదు. అబ్బులు పని అలాగే ఉంటుంది. కిందికొచ్చి మంచాల కిందినుంచి బల్లలు ఒక్కొక్కటే లాగి కొలిచాను. అత్తయ్యగారు పడుకుని ఉన్నారు, నిడదవోలు నెమ్మదిగా లాగాను. నా లెక్క తప్పు కాలేదు.

మళ్ళీ పైకెళ్ళి చెప్పాను. అబ్బులు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "నాలుగున్నరే కదండీ. తూర్పు గోడ జరిపేత్తే పోద్దండి. రెండు రోజుల పని."

"ఆయం?"

"అదొకటుందండోయ్." మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "పెద్దమ్మగారు నన్ను ఇంట్లోంచి జరిపేత్తారు."

సాయంత్రం ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఇంకొక్కరోజు ఉండగలనేమో అనుకున్నాను గానీ, ఆయన చెప్పులు విప్పుతుండగానే నోట్లోంచి వచ్చేసింది.

ఆయన రెండో చెప్పు కూడా విప్పి గోడకి ఆనించారు. తరువాత, "టేపు సాగిందని నువ్వు చెప్పొచ్చు కదా," అన్నారు.

"మీరు అడిగారా? నా టేపుతో రైలు కొలుస్తారని నేను కలగన్నానా?"

"సాగిన టేపు ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా కళా?"

"ఉంచుకునేది నా సొరుగులో. అందరికీ అని ఎక్కడా రాసిపెట్టలేదు."

ఆ రాత్రి భోజనంలో ఆయన రెండోసారి అన్నం వడ్డించుకోలేదు. శుక్రవారం కొట్టుకి ఆలస్యంగా వెళ్ళారు. బల్లలన్నీ తనే మళ్ళీ కొలిచారు, మూడుసార్లు. మూడోసారి నేను చివర పట్టుకున్నాను. వంపు బిగిస్తే పొడుగు పెట్టెలు పట్టాలు తప్పుతాయి. ఉత్తరం వైపు గోడ పొడుగునా వంతెనే, కోస్తే దాన్నే కొయ్యాలి. ఆయన అటకెక్కి ఒక కమాను దించి, చీర విప్పి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అది నా పెళ్ళినాటి చీర, నేనే ఇచ్చాను. పక్కన చిన్న రంపం ఉంది. ముట్టుకోలేదు. ఎంతసేపటికీ ముట్టుకోకపోయేసరికి నాకే కాలు నిలవక, వంటింట్లోకీ హాల్లోకీ తిరిగాను.

శనివారం పొద్దున ఆయన మొహం తేటపడింది. కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"దొరికింది. ఎక్కువయ్యేది గోడ పొడుగునా కాదు, వంపు మధ్యలో మాత్రమే. సరిగ్గా పడమటి గోడ నడుమ. గోడ తొమ్మిదంగుళాల మందం కదా? ఆ అయిదడుగుల మేర నాలుగున్నర అంగుళాల గోడ కట్టిస్తే, అంటే ఒక ఇటుక అడ్డం బదులు నిలువు, లోపల అంత చోటు వస్తుంది. గది కొలత మారదు. గూడులా ఉంటుందంతే."

"పడమటి గోడ నడుమ ఉన్నది కిటికీ."

"అవును." కాగితం మడతపెట్టారు. "కిటికీ మానేద్దాం. తేమ గొడవ కూడా వదిలిపోతుంది. నువ్వు డాబా మీద కూర్చోవచ్చు కదా, ఎవరొద్దన్నారు?"

నాకు కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. ఆ మనిషి రెండు రోజుల తరువాత మొదటిసారి కాఫీ ఇంకా కావాలని అడిగారు. "చూద్దాం," అన్నాను. ఆయనకి అది సరేనన్నట్టు వినిపించింది.

ఆయన వెళ్ళాక డాబా ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. పడమటి గోడ రెండున్నర అడుగుల దగ్గర ఆగి ఉంది. చట్రం కొలతలు సోమవారం ఇవ్వాలి. నేను ఆ సగం గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. అరచెయ్యి ఇటుక మీద, వేళ్ళ చివరలు అవతలి అంచు మీద. ఎదురుగా జానెడు గోదావరి, ఎండకి తెల్లగా ఉంది. గోడ మీద నా చెయ్యి మొత్తం పట్టింది. అక్కడ ఒక్కసారి చూపు ఆగిపోయింది.

స్టీలు టేపు కోసం కిందికి దాదాపు పరుగెత్తాను.

కొలిచి వచ్చి అత్తయ్యగారి దగ్గర కూర్చున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"అత్తయ్యగారూ, ఆయానికి కొలత గోడ లోపలి నుంచి లోపలికే కదా?"

"అంతేగా."

"మరి గూళ్ళు? కిటికీ గట్లు?"

"గూడూ, గుమ్మం మందం, కిటికీ గట్టూ ఎవరు లెక్కేస్తారు? మీ మావగారి ఇనప్పెట్టె గోడలోనే కదా ఉండేది. ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు," అని ఆవిడ ఒక ముదురుకాయ తీసి పక్కన పడేశారు.

సాయంత్రం అబ్బులు పని ముగించి వెళ్ళేముందు మెట్ల దగ్గర ఆపి, పది నిమిషాలు మాట్లాడాను. అతను నేల మీద ఇటుక ముక్కతో గీసి చూపించాడు. నేను ఒక గీత చెరిపి మళ్ళీ గీశాను.

ఆదివారం భీమవరం నుంచి హర్షిత వచ్చింది, అక్కడే ఇంజనీరింగ్ చదువుతోంది. కంద బచ్చలి చేశాను, ఆవ పెట్టి. నలుగురం వంటింట్లో కింద కూర్చున్నాం, ఎప్పటిలాగే.

"నాన్నా, వచ్చే నెలకైనా బల్ల మీద తింటామా? హాస్టల్లోనే నయం, కుర్చీలుంటాయి."

"తింటాం. నిన్ననే దారి దొరికింది." ఆయన ఉత్సాహంగా కంచం పక్కన వేలితో వంపు గీశారు. "ఇక్కడ కిటికీ తీసేస్తున్నాం, సన్నగోడ కడుతున్నాం."

హర్షిత నా వైపు చూసింది. "అమ్మ కిటికీయా?"

"మీ అమ్మ ఒప్పుకుంది."

"నేను చూద్దామన్నాను," అన్నాను, అత్తయ్యగారికి పెరుగు వేస్తూ. "చూశాను. సన్నగోడ కడితే మీకొచ్చేది సరిగ్గా నాలుగున్నర. బల్ల గోడకి ఒరుసుకుంటుంది. వానాకాలం చెక్క ఉబ్బితే మళ్ళీ రంపం పట్టుకుని కూర్చుంటారు. అదే కిటికీ ఉంచి, చట్రం గోడ బయటి అంచుకి బిగిస్తే గట్టు మీద ఆరంగుళాలు వస్తుంది. కొలిచాను. స్టీలు టేపుతో."

ఆయన చెయ్యి అన్నంలో ఆగింది.

"కిటికీ గట్టు మీదుగా రైలు వెళ్ళాలంటావా?"

"గట్టు మీదుగానే. అందుకని గట్టు బల్లల ఎత్తుకి లేపాలి, మూడున్నర అడుగులకి. మామూలు కుర్చీ వేసుకుని చూస్తానన్నది నేను వదులుకున్నాను. కిటికీ వెడల్పు నాలుగు కాదు, అయిదడుగులు. అది మీరు వదులుకోండి."

"జల్లు పడితే పట్టాలు..."

"పైన సన్‌షేడ్ రెండడుగులు. వాన వస్తే తలుపులు వేస్తాను. వాన లేనప్పుడు, రైలు తిరుగుతున్నా సరే, తెరిచే ఉంటాయి."

"దుమ్ము వస్తుంది కళా," అని హర్షిత తండ్రి గొంతు అనుకరించింది. ఆయన నవ్వలేదు. కంచం పక్కన తాను గీసిన వంపునే చూస్తున్నారు, దాన్ని ఇంకొంచెం బయటికి జరిపి.

"మరి ఆయం?" అన్నారు చివరికి, వాళ్ళమ్మ వైపు తిరిగి.

"గట్టు లెక్కలోకి రాదు," అన్నారు అత్తయ్యగారు. "నన్ను నిన్ననే అడిగింది."

"వంపుకి లోపలి వైపు ఖాళీ ఉంటుంది కదా, మీరు నిలబడి నడిపేచోటు," అన్నాను. "అక్కడ ఒక ఎత్తు కుర్చీ వేస్తారు. అది నాది. రైలు మొదటి చుట్టు తిరిగేటప్పుడు అందులో నేనుంటాను, కిటికీ తెరిచి ఉంటుంది. చట్రం కొలతలు నిన్న సాయంత్రమే అబ్బులుకి ఇచ్చేశాను. రేపు పొద్దున గట్టు లేపుతాడు."